నొప్పి లేని పుండు

లుకాంగ్ ఊళ్ళో, సముద్ర దేవత మాజు తల్లి గుడి వెనక, చేపల మార్కెట్‌కు పోయే ఇరుకు సందులో సోలియన్ రెండు వెదురు పీటలు వేసుకుని కూర్చునేది. ఒకటి తనకు, ఇంకొకటి వచ్చినవాళ్ళకు. ఆడవాళ్ళ ముఖాల మీది నూగు దారంతో తీయడం ఆమె పని. తెల్లటి పొడి ముద్దను ముఖమంతా రుద్ది, దారం ఒక కొసను పళ్ళతో పట్టుకుని, మిగతాది రెండు చేతుల వేళ్ళకూ మెలివేసి, కత్తెరలా ఆడిస్తూ చెంపల మీద నడిపించేది. కూర్చున్నవాళ్ళకు చీమల బారు కుట్టుకుంటూ పోయినట్టుండేది. "ఓర్చుకోవే, పెళ్ళిలో మొగుడి పక్కన నిలబడ్డప్పుడు నన్ను తలుచుకుంటావు" అనేది సోలియన్, దారం పళ్ళ మధ్య ఉండగానే. ఆ మాటలు సగమే బయటికొచ్చేవి. అయినా అందరూ నవ్వేవాళ్ళు.

అరవై దాటినా ఆమె ముఖం పొట్టు ఒలిచిన ఉడకబెట్టిన గుడ్డులా ఉండేది. పక్కనే బియ్యప్పిండి అప్పాలు ఆవిరి మీద ఉడికించి అమ్మే బీహా, "మా అక్కకి బోర్డెందుకు? మొహమే బోర్డు" అని దారిన పోయేవాళ్ళకు వినబడేలా అరిచేది. పెళ్ళికి ముందు పెళ్ళికూతురి ముఖానికి మొదటిసారి దారం పట్టడానికి మొగుడూ పిల్లలూ చల్లగా ఉన్న ముత్తయిదువ కావాలి. ఊళ్ళో మంచి కుటుంబాల వాళ్ళంతా ఆ పనికి సోలియన్‌నే పిలిచేవాళ్ళు. అది ఆమెకు గొప్ప.

ఆ ఏడు వసంతంలో ఆమెకు సర్పి లేచింది. మొదట కుడి కణతలో మంట. దువ్వెన తగిలితే ప్రాణం పోయినట్టుండేది. తలనొప్పి అనుకుని రెండు రోజులు తలకు గుడ్డ కట్టుకుంది. మూడో రోజు పొద్దున నుదురు, కనురెప్ప, చెంప, ముక్కు కుడి పక్క అంతా నీటి పొక్కులు. కుడి కన్ను మూసుకుపోయింది. ముఖం సరిగ్గా మధ్యలో గీత గీసినట్టు ఎడమవైపుకు ఒక్క పొక్కు కూడా దాటలేదు.

మొగుడు తెక్‌సెన్ అగరుబత్తీలు చుట్టే మనిషి. ఏళ్ళ తరబడి ఆ పొడిలో పనిచేసి అతని చేతులు పసుపు పచ్చగా అయిపోయాయి. అతను ముందు వెళ్ళింది ఆసుపత్రికి కాదు, సర్పి కట్టే ఎంగ్ తాత దగ్గరికి. తాత వచ్చి ఎర్ర సిరాలో కుంచె ముంచి పొక్కుల చుట్టూ, పాములాంటి సర్పిని బెదిరించడానికి, పులి అని అర్థమొచ్చే అక్షరం రాశాడు. ఎండు గడ్డిపరకలు ముఖం ముందు పెట్టి కత్తితో నరికాడు. నరికి, గడ్డి వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఏంటి తాతా?" అంది సోలియన్.

"ఈ పాము నడుముకి పాకితే తలా తోకా కలవకుండా చూసుకుంటే చాలమ్మా. మొహం మీద పాకిన పాముకి చుట్టుకోడానికి చోటుండదు. చోటు లేకపోతే లోపలికి పోద్ది."

"పోయిందా?"

"తల తెగింది. తోక సంగతి నేను చెప్పలేను."

తర్వాత తెక్‌సెన్ ఆమెను క్లినిక్‌కు కూడా తీసుకెళ్ళాడు. ఆలస్యంగా వచ్చారని డాక్టరు కోప్పడి మాత్రలిచ్చాడు. పొక్కులు ఎండాయి, చెక్కు కట్టాయి, రాలిపోయాయి. కన్ను తెరుచుకుంది. బీహా అల్లం దండిగా వేసి సన్న సేమ్యా వండుకొచ్చింది. అందరూ గండం గడిచిందనుకున్నారు.

గడవలేదని తెలిసింది సోలియన్ ఒక్కదానికే. ముఖం కుడి సగం ఆమెది కాకుండా పోయింది. గంజి తాగుతుంటే పెదవి కుడి మూల నుంచి కారేది. తెక్‌సెన్ గడ్డం వైపు చూపిస్తేనే తెలిసేది. చల్లనీళ్ళతో కడుక్కుంటే ఎడమ చెంపకు చలి, కుడి చెంపకు ఏమీ లేదు. పైకి అలా మొద్దుబారిన చోటే లోపల ఏదో నడుస్తున్నట్టుండేది. చీమ కాదు, పురుగు కాదు. సన్నగా, జిగటగా ఏదో ముక్కు పక్క నుంచి కంటి కిందికీ, కంటి కింది నుంచి ముక్కు పక్కకీ పాకి ఆగేది, మళ్ళీ పాకేది. ఎంగ్ తాత చెప్పిన తోక గుర్తొచ్చి, చేతిలో ఉన్న పని చేతిలోనే ఆగిపోయేది. ఈ సంగతి ఎవరితోనూ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

ఎండాకాలం మొదట్లో ముక్కు కుడి పుటం అంచున మెంతిగింజంత పొక్కు కనబడింది. ఎండ వల్లనుకుంది. కొన్నాళ్ళకు పొక్కు పోయి పచ్చి పుండు మిగిలింది. మందు పూసింది, ముత్యాల పొడి అద్దింది, కలబంద రుద్దింది. పుండు ఎండినట్టే ఎండి మర్నాటికి మళ్ళీ తడిగా ఉండేది. నెలవంకలా వంగి, పుటం అంచు వెంబడే పైకి పోతూ ఉంది. నొప్పి మాత్రం ఇసుమంత లేదు. తినేస్తుంటే కనీసం నొప్పైనా పుట్టాలి కదా అని అద్దం ముందు నిలబడి అనుకునేది. వేలు కాలితేనే గంటసేపు బాధపడతామే, ఇంత మాంసం పోతుంటే ఒంటికి తెలియకపోవడమేమిటి? పొద్దున లేచేసరికి దిండు మీద రక్తపు మరకలుండేవి. తెక్‌సెన్ చూడకముందే గలీబు మార్చేసేది.

పీట మీద కూర్చునేటప్పుడు పుండు మీద చిన్న ప్లాస్టర్ వేసి, దాని మీద తెల్ల పొడి రాసుకునేది. గిరాకీ మెల్లగా తగ్గింది. వచ్చి, కూర్చోబోయి, ఆమె ముఖం దగ్గరికొచ్చేసరికి ఏదో పని గుర్తొచ్చినట్టు లేచేవాళ్ళు. దారం పట్టేవాళ్ళ ముఖం, పట్టించుకునేవాళ్ళ ముఖం జానెడు దూరంలో ఉండాలి మరి.

శరదృతువులో బియ్యం కొట్టు వాళ్ళ అమ్మాయికి పెళ్ళి కుదిరింది. కొట్టావిడ చాలాకాలంగా ఎరిగిన మనిషి. "మా పిల్లకి నువ్వే పట్టాలి వదినా, నా మొహానికి పట్టిన చెయ్యే" అంది. సోలియన్ వద్దనలేకపోయింది. మంచి ఘడియలో ఎర్ర గుడ్డ పరిచిన కుర్చీలో పిల్లను కూర్చోబెట్టారు. చుట్టాలు చుట్టూ నిలబడి తీపి ఉండల పాయసం తాగుతున్నారు. సోలియన్ పొడి రాసింది, దారం పళ్ళతో పట్టింది, నుదుటి నుంచి మొదలుపెట్టింది. శుభం పలుకుతూ దారం నడిపిస్తోంది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, "అబ్బా అత్తా, మెల్లగా" అని నవ్వుతోంది.

ముందు కొట్టావిడే చూసింది. "ఏంటది? వదినా, ఆగు! ఆగమంటున్నానా!"

సోలియన్ చూసుకునేసరికి దారం ఎర్రగా ఉంది. పిల్ల నుదుటి మీది తెల్ల పొడిలో, దారం పోయిన దారంతా ఎర్ర గీత. ఎక్కడ కోసుకుపోయిందో అనుకుని కంగారుగా పిల్ల ముఖం పట్టుకుని వెతికింది. అంతలో ఎర్ర గుడ్డ మీద ఇంకో చుక్క పడింది. అప్పుడు అర్థమైంది. ప్లాస్టర్ ఎప్పుడు ఊడిందో, రక్తం తన పెదవి మీదుగా దారం వెంట ఎప్పటినుంచి జారుతోందో ఆమెకు తెలియదు.

కొట్టావిడ పిల్లను లేపి లోపలికి తీసుకుపోయింది. ఎవరో ముసలామె గోడ వైపు తిరిగి, "ఎనకటికి ఈ రోగం వస్తే లారీ ఎక్కించి తీస్కపోయేవాళ్ళు. మళ్ళీ వచ్చినోళ్ళని చూళ్ళేదు" అంది. మెల్లగానే అంది. సోలియన్‌కు స్పష్టంగానే వినబడింది.

ఇంటికొచ్చాక సోలియన్ తన గిన్నె, చాప్‌స్టిక్స్, గ్లాసు తీసి వేరే అలమరలో పెట్టింది. రాత్రి భోజనానికి బల్ల చివరన కూర్చుంది. తెక్‌సెన్ లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె గిన్నెలోంచి చేప ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"నీకేమన్నా పిచ్చా? అంటుకుంటే?" అని చేతిమీద కొట్టింది.

"నలభై ఏళ్ళుగా నీ వంట తింటున్నా. ఇంతకంటే ఏం అంటుకుంటుందే నాకు?" అన్నాడు. నవ్వించాలని చూశాడు. ఆమె ఏడ్చింది. లేచి వెళ్ళి మళ్ళీ ఎంగ్ తాతను పిలుచుకొచ్చాడు. ఈసారి తాత గడప లోపలికి రాలేదు. బయటి నుంచే చూసి, "ఇది నా చేతిది కాదు, లోపలికి పోయింది" అని వెనక్కు తిరిగాడు. పులి అక్షరం కూడా రాయలేదు.

సోలియన్‌కు కుష్ఠు అనే ఆ లారీ రోగం కంటే, పాము కంటే పెద్ద భయం మరొకటుంది. ఆమె చెల్లెలు ముక్కులో క్యాన్సర్‌తో పోయింది. దానికీ మొదట్లో రక్తపు చారలే. ఆసుపత్రికి పోతే ఆ మాట చెబుతారు, పోకపోతే చెప్పరు. అందుకే పోలేదు. చివరికి బీహా ఒకనాడు పొద్దున పొయ్యి ఆర్పేసి, అప్పాల బుట్టకు గుడ్డ కప్పి వచ్చి గుమ్మంలో నిలబడింది. "చీర కట్టుకుంటావో, పైజామాతోనే వస్తావో నీ ఇష్టం. నేనైతే నిన్ను బస్సెక్కించకుండా కదల్ను" అంది.

"నువ్వెప్పుడన్నా నన్ను చీరలో చూశావటే?" అంది సోలియన్ అంత దిగుల్లోనూ.

"టీవీలో చూశాలే, ఏదో దేశం వాళ్ళు కడతారు. నీకు బావుంటుంది, లే."

జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరు పుండును చాలాసేపు చూశాడు. చెల్లెలి సంగతి విన్నాక అతని ముఖం మారింది. అంచున చిన్న ముక్క కోసి పరీక్షకు పంపించాడు. ఫలితం వచ్చేదాకా సోలియన్ అన్నం ముట్టలేదు. తాను పోతే తెక్‌సెన్ గంజి ఎలా కాచుకుంటాడో, ఎక్కడ మాడబెడతాడో ఆలోచిస్తూ పడుకుంది. మాజు తల్లికి మొక్కుకోవడానికి గుడికెళ్ళింది కానీ ఏమని మొక్కాలో తెలియలేదు. క్యాన్సర్ కాకుండా చూడమంటే లారీ రోగం ఇస్తుందేమో, అది వద్దంటే పామునే ఉంచుతుందేమోనని, ఏమీ అడక్కుండా అగరుబత్తీ గుచ్చి వచ్చేసింది.

ఫలితం చెప్పేటప్పుడు కుర్ర డాక్టరు నవ్వుతూ చెప్పాడు. "క్యాన్సర్ కాదమ్మా. మీరు భయపడుతున్న ఆ పాత రోగం కూడా కాదు. టీబీ కాదు, బూజు కాదు. ముక్కలో అసలు ఏమీ లేదు."

పక్కనున్న తెక్‌సెన్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. సోలియన్‌కు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమీ లేకపోతే తింటున్నదెవరు బాబూ?" అంది.

డాక్టరు నవ్వు ఆగింది. ముక్కు అంచు సగం పోయి, లోపలి ఎరుపు కనబడుతోంది. పై అంతస్తులో డాక్టర్ ఖో అని నరాల డాక్టరమ్మ ఉందని, చూపించుకొమ్మని చీటీ రాసిచ్చాడు.

డాక్టర్ ఖో నడివయసు మనిషి. తక్కువ మాట్లాడుతుంది. సర్పి ఎప్పుడొచ్చిందో అడిగి, "కళ్ళు మూసుకోండమ్మా. తగిలినప్పుడల్లా చెప్పండి" అంది. ఎడమ నుదుటి మీద పిన్ను మొన తగిలింది. "ఆఁ" అంది సోలియన్. ఎడమ చెంప. "ఆఁ." తర్వాత ఏమీ తగల్లేదు. సోలియన్ ఓపికగా కూర్చుంది. ఎంతసేపటికీ ఏమీ లేదు. డాక్టరమ్మ ఎటో వెళ్ళిందనుకుని కళ్ళు తెరిచింది.

డాక్టరమ్మ ఎదురుగానే ఉంది. ఆమె చేతిలోని పిన్ను మొన సోలియన్ కుడి చెంపలో గుచ్చుకుని ఉంది. చెంప లోపలికి నొక్కుకుపోయి ఉండటం కంటి కిందగా కనబడుతోంది.

సోలియన్ కెవ్వుమని కుర్చీతో సహా వెనక్కు జరిగింది. డాక్టరమ్మ ఆమె భుజం పట్టుకుంది. తర్వాత దూది పోగు తీసి ఎడమ కంటి గుడ్డుకు ఆనించబోతే రెప్ప టక్కున పడింది. కుడి కంటికి ఆనించినా రెప్ప పడలేదు.

"సర్పి మీ ముఖం నరాన్ని కాల్చేసిందమ్మా. చచ్చిన నరం ఊరికే ఉండదు. లేని దురద ఉన్నట్టు, ఏదో పాకుతున్నట్టు అబద్ధాలు చెబుతుంటుంది. పాకుతున్నట్టుంటుందా?"

ఎవరితోనూ చెప్పని సంగతి ఈమెకెలా తెలిసిందా అని సోలియన్ బిత్తరపోయింది. తల ఊపింది.

"అలా ఉన్నప్పుడు చెయ్యి అక్కడికి వెళ్తుంది. గోకుతుంది, గిల్లుతుంది. నొప్పి తెలిస్తే మనం ఆపుతాం. మీకు నొప్పి తెలీదు. ఎంత లోతుకు పోయినా తెలీదు."

"ఎవరి చెయ్యి?"

"మీదే."

సోలియన్ ఆమె వంక చూసింది, మొగుడి వంక చూసింది. "నా ముక్కు నేనే పీక్కుతింటున్నానంటారు. అంటే నాకు పిచ్చెక్కిందంటారు."

"పిచ్చి కాదమ్మా. మీలాంటివాళ్ళని ఇదివరకూ చూశాను. ఒక్కరూ ముందు నమ్మలేదు."

"ముట్టుకుంటే నాకు తెలీదా? ముఖాల మీద నా చెయ్యి ఎక్కడుందో నాకు తెలీకపోతే, ఇన్నేళ్ళూ ఎవరి బుగ్గా కొయ్యకుండా ఎలా బతికానంటారు?" అని లేచి నిలబడింది. డాక్టరమ్మ మాత్రలు రాసింది, కంటికి చుక్కలు రాసింది, ముక్కు మీద పెట్టుకునే కప్పు ఒకటి ఇచ్చింది. సోలియన్ అవన్నీ సంచిలో పడేసుకుని విసవిసా నడిచింది.

బస్సులో చాలా దూరం వచ్చాక అడిగింది. "నువ్వెప్పుడన్నా చూశావా?"

తెక్‌సెన్ కిటికీలోంచి ఉప్పు మడుల వైపు చూస్తున్నాడు. "ఏం చూడటం?"

"ఏమయ్యా, నా మొహం చూసి చెప్పు."

అతను తిరగలేదు. "టీవీలో నాటకం చూసేటప్పుడు చెయ్యి అక్కడ ఉంటది. తుడుచుకుంటున్నావనుకున్నా. ఓసారి చెప్పబోయా. పుండు మాటెత్తితేనే ఏడుస్తుంటివి. మళ్ళీ ఎత్తలేకపోయా."

సోలియన్ లేచి వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది.

మర్నాడు బీహా దగ్గర కూర్చుని కడుపులోదంతా కక్కేసింది. డాక్టరమ్మకు పొగరన్నది. మొగుడు ఆమె పక్షం చేరిపోయాడన్నది. బీహా పిండి పిసుకుతూ అంతా విని, "సరే, డాక్టరమ్మ సంగతి వదిలెయ్. నా మొహం చూడు, కొబ్బరికాయలా అయింది. నీ పనెలాగూ లేదు కదా, నాకు దారం పట్టు" అంది.

"నా పుండు చూసి భయం లేదూ?"

"నా మొహానికి ఇంకా భయపడాల్సినంత అందం ఎక్కడుంది? పట్టు."

మధ్యాహ్నం, వాన జల్లు. సందులో మనుషుల్లేరు. సోలియన్ పీట వేసి, పొడి ముద్ద తీసి బీహా ముఖమంతా రుద్దింది. వేళ్ళు తెల్లబడ్డాయి. చాలా రోజులకు దారం పట్టుకున్న సంతోషంలో బాగా కబుర్లలో పడింది. నుదురు అయింది, చెంపలు అయ్యాయి, పై పెదవి అయింది. మధ్యలో దారం తెగితే కొత్త దారం కోసేది, బీహా చెప్పే చేపలమ్మి మొగుడి కథకు నవ్వి దారం వదిలేసి ఊపిరి తీసుకునేది. అంతా అయ్యాక బీహా ముఖం తుడుచుకోకుండానే, "అక్కా, ఇంతసేపట్లో నీ పుండుని ముట్టుకున్నావా?" అని అడిగింది.

"ఎక్కడ ముట్టుకున్నా? నీ ఎదురుగానే కదా కూర్చున్నా!"

"మాజు తల్లి మీద ఒట్టు?"

"ఒట్టు. నువ్వు కూడా మొదలెట్టావా?"

బీహా గిరాకీ కోసం పెట్టిన గుండ్రటి అద్దం తీసి ఆమె ముఖం ముందు పెట్టింది.

సోలియన్ చూసింది. పచ్చి పుండు అంచు పొడవునా తెల్ల పొడి. ఎర్రటి మాంసంలోకి గోరు దిగిన చోట, వేలు తిప్పిన చోట, గీతలు గీతలుగా తెల్లటి పొడి. కంటి కింద కూడా ఒక తెల్లటి వేలిముద్ర. అప్పుడు కుడి చెయ్యి ఎత్తి చూసుకుంది. చూపుడు వేలి గోటి కింద పొడి తడిసి గులాబీ రంగులో ఉంది.

"మూడుసార్లు పోయింది అక్కా. నేను కథ చెప్తూనే ఉన్నా, నువ్వు నవ్వుతూనే ఉన్నావు. చెయ్యేమో పోతానే ఉంది. నాకు ఒళ్ళు జలదరించి కథ ఆపలేకపోయా" అని బీహా ఏడ్చేసింది.

అంతకు ముందు సోలియన్ పడ్డ భయాలన్నీ ఈ భయం ముందు ఎందుకూ పనికిరావు. పాము అయితే బయటి నుంచి వచ్చినది. క్యాన్సర్ అయితే చెల్లెలికీ వచ్చినది. ఇది ఆమె చెయ్యి. పిల్లలకు పాలు పట్టిన చెయ్యి, వందల ముఖాల మీద నడిచిన చెయ్యి. అది ఆమెకు చెప్పకుండా లేచి, ఆమె ముఖం తిని, మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఒళ్ళోకి వచ్చి పడుకుంటోంది. ఒడిలో ఉన్న ఆ చేతిని పరాయి మనిషి చేతిలా చూసింది. లేచి నిలబడి, దాన్ని రెండో చేత్తో మణికట్టు దగ్గర పట్టుకుని, వానలోనే ఇంటికి నడిచింది. దారంతా వదల్లేదు.

ఇంట్లో ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది. తిమ్మిరెక్కినా తీయలేదు. తెక్‌సెన్ వచ్చి, "అన్నం తింటావా?" అంటే, "దీన్ని కట్టెయ్" అంది.

"దేన్ని?"

"ఈ చేతిని. తలుపుకి కట్టెయ్. కొట్టంలో అగరుబత్తీల కట్టలు కట్టే నీ తాడుంటుంది కదా."

తెక్‌సెన్ ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. తొడ కింద నుంచి చేతిని మెల్లగా బయటికి తీసి తన చేతిలో పెట్టుకున్నాడు. గోళ్ళు కత్తిరించే కత్తెర తెచ్చి, అగరు పసుపు పట్టిన వేళ్ళతో ఒక్కొక్క వేలూ పట్టుకుని, గోళ్ళన్నీ చర్మానికి ఆనేదాకా కత్తిరించి ఆకురాయితో నున్నగా రుద్దాడు. చూపుడు వేలు పట్టుకున్నప్పుడు మాత్రం ఇద్దరూ దాని వంక చూడలేదు.

వారం తిరక్కుండా వాళ్ళు మళ్ళీ డాక్టర్ ఖో దగ్గరికి వెళ్ళారు. ఆమె "నేను చెప్పలేదా" అనలేదు. మాత్రలు క్రమంగా వేసుకుంటే పాకడం తగ్గుతుందని, కళ్ళు తిరిగినట్టుంటే భయపడొద్దని చెప్పింది. పుండు మీద కప్పు పగలూ రాత్రీ ఉండాలని, పడుకునేటప్పుడు దూది కుట్టిన చేతి సంచులు తొడుక్కోవాలని, కంటిని ముట్టుకుంటే చూపే పోవచ్చని చెప్పింది. చూపు మాట విన్నప్పుడు సోలియన్ రెండు చేతులూ వీపు వెనక్కు పెట్టుకుంది.

ఆ చలికాలం వాళ్ళ ఇంట్లో వినబడిన మాటల్లో సగం ఒక్కటే మాట. "చెయ్యి!" అనేవాడు తెక్‌సెన్. "ఒళ్ళోనే ఉంది" అనేది సోలియన్. చూసుకుంటే గడ్డం దగ్గర ఉండేది. బీహా అయితే సందు చివరి నుంచే, "అక్కా, దొంగ!" అని అరిచేది. దారిన పోయేవాళ్ళు జేబులు తడుముకునేవాళ్ళు. మొదట్లో అలా అరిస్తే సోలియన్‌కు ఏడుపొచ్చేది, తర్వాత కోపమొచ్చేది, ఆ తర్వాత అలవాటైంది. మాత్రలు వేసుకున్న కొన్నాళ్ళకు పాకేది సన్నబడింది. పూర్తిగా పోలేదు.

పుండు అంచులు మెల్లగా ముడుచుకున్నాయి. కొత్త సంవత్సరం పండుగ దగ్గరకొచ్చేసరికి దాదాపు ఆరిపోయింది. ఆ సంతోషంలోనే తప్పు జరిగింది. గుడి ముందు పందిట్లో నాటకం ఆడుతుంటే చూడటానికి పోయి, కప్పు కింద చెమట పట్టిందని దాన్ని తీసి జేబులో వేసుకుంది. కథలో తల్లీ కొడుకులు విడిపోయే ఘట్టం. పందిరంతా ముక్కులు చీదుకుంటోంది. తెక్‌సెన్ కూడా కళ్ళు తుడుచుకుంటూ ఆమె వంక చూడలేదు. తెర పడ్డాక ఆమె జాకెట్టు ముందు భాగమంతా రక్తం. ఇన్ని నెలలుగా మానుతూ వచ్చింది ఒక్క ఘట్టంలో పోయింది. ఆ రోజు ఇంటికొచ్చి అద్దం గోడకు తిప్పేసింది. ఇది నాతోనే పోతుంది, నన్ను కాటికి తీసుకెళ్ళేదాకా ఈ చెయ్యి ఆగదు అని తెక్‌సెన్‌తో అంది. అతను మర్నాటి నుంచి మళ్ళీ "చెయ్యి" అనడం మొదలుపెట్టాడు. అంతే చెయ్యగలిగాడు.

రెండోసారి మానడానికి ఎండాకాలం దాకా పట్టింది. ముక్కు కుడి పుటం అంచు చిట్టెలుక కొరికిన అప్పంలా గంటు పడి మిగిలింది. నుదుటి చర్మం తెచ్చి అతికించవచ్చు అంది డాక్టర్ ఖో. అంతలోనే, "తొందరపడొద్దు. చెయ్యి మాట వినడం నేర్చుకోకపోతే కొత్తదాన్ని కూడా వదలదు" అంది. సోలియన్ అక్కర్లేదంది. కోతకు కాదు, ఆ చివరి మాటకు భయపడింది.

ఆమె మళ్ళీ పీట వేసుకుంది. పెళ్ళిళ్ళకు ఎవరూ పిలవలేదు, ఆమె కూడా పోలేదు. సందులోకి మాత్రం పాతవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. కొందరు గంటు వంక చూసి కళ్ళు దించుకునేవాళ్ళు. కొందరు సూటిగానే అడిగేవాళ్ళు. "సర్పి వచ్చిందమ్మా. నీకు ఎక్కడన్నా మంటగా అనిపిస్తే తాతల దగ్గరికి పోయి గడ్డి నరికించుకోకు, ఆ రోజే డాక్టరు దగ్గరికి పో" అని చెప్పేది. చెయ్యి సంగతి మాత్రం ఎవరికీ చెప్పేది కాదు.

పనిలో ఉన్నంతసేపు ఆమెకు భయం ఉండేది కాదు. దారం కొస పళ్ళకు, మిగతాది రెండు చేతులకు. మూడూ కట్టుబడి ఉంటే చెయ్యి ఎక్కడికీ పోలేదు. అందుకే గిరాకీ లేనప్పుడు కూడా ఉత్తినే దారం మెలివేసి గాలిలో ఆడిస్తూ కూర్చునేది. చూసినవాళ్ళు ముసలిదానికి మతి తప్పిందనుకునేవాళ్ళు. బీహా వాళ్ళకు ఏదో ఒకటి చెప్పి పంపేది.

పొద్దున లేవగానే మాత్రం ఆమె ముందు దేవుడి పటాన్ని చూడదు, మొగుణ్ణి చూడదు. దూది సంచి ముడి పళ్ళతో విప్పి, కుడి చెయ్యి బయటికి తీసి, కిటికీ వెలుతురులో వేళ్ళు చాపి, గోళ్ళ కింద ఏమన్నా ఉందేమోనని ఒక్కొక్కటే చూసుకుంటుంది. అన్నీ చూసి, ఏమీ లేదని తేలాకే ఊపిరి వదులుతుంది. పక్క మంచం మీది నుంచి తెక్‌సెన్ కళ్ళు తెరవకుండానే అడుగుతాడు.

"ఏమే, శుభ్రమేనా?"

"ఇవ్వాళ్టికి" అంటుంది.